34 పనుల ఫోల్డరు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ కెరీర్ పేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివే పిల్లల కోసం వేసిన వ్యాసం చదివాను. సాఫ్ట్‌వేర్ల సంగతీ, కోర్సుల సంగతీ బాగానే రాశారు. చివరి పేరాలో మాత్రం, ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు అప్పటిదాకా చేసిన పనులన్నీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోమనీ, ఎన్ని ఎక్కువుంటే అంత అనుభవం కనబడుతుందనీ ఉంది. అక్కడికొచ్చేసరికి పేపరు మడిచి పక్కన పెట్టేశాను. సరిగ్గా ఆ సలహానే నమ్మి ఒకసారి తల దించుకుని బయటికొచ్చినదాన్ని నేను. అందుకే ఈ ఉత్తరం.

నేను ఈ పనిలోకి వచ్చి 22 ఏళ్ళు. పుస్తకాలు, ప్యాకింగు డబ్బాలు, సంస్థల వార్షిక నివేదికలు, ఆస్పత్రి బోర్డులు, ఏది చేతికొస్తే అది చేశాను. ఆరేడేళ్ళుగా మా స్టూడియోలోకి కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు వచ్చిన పోర్ట్‌ఫోలియోలు చూసే బాధ్యత నా మీద పడింది. ఒక్క పోస్టుకి ప్రకటన ఇస్తే 40, 50 వస్తాయి. మొదటి విడతలో ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు దక్కితే గొప్ప. 30 పనులున్న ఫైలు తెరిస్తే ఏం జరుగుతుందో దాపరికం లేకుండా చెప్తాను: మొదటి నాలుగైదు చూస్తాను, తర్వాత వేలు దానంతటదే కిందికి జారుతూ పోతుంది. ఆ జారుడులో వాళ్ళ మంచి పని కూడా కొట్టుకుపోతుంది. పాపం, అది 19వ పేజీలో ఉంటుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఎనిమిది మంచి పనుల మధ్య రెండు నాసిరకానివి కనబడ్డాయనుకోండి. అవి బాగా లేవన్నది పెద్ద విషయం కాదు, ఎవరికైనా అలాంటివి ఉంటాయి. అవి బాగా లేవని ఈ మనిషికి తెలియలేదా అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం పుట్టాక మిగతా ఎనిమిదీ కూడా పొరపాటున కుదిరాయేమో అనిపిస్తుంది. డిజైనర్ చేసే పనిలో సగం ఏరుకోవడమే. పది రంగుల్లో రెండు, వంద ఫోటోల్లో ఒకటి. పోర్ట్‌ఫోలియోలో ఏరడం చేతకానివాళ్ళు క్లయింటు పనిలో ఏరగలరని ఎలా నమ్మాలి?

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ముగుస్తుండగా ఇంకో చోటికి ప్రయత్నించాను. నల్ల ఫోల్డరు, లోపల ప్లాస్టిక్ కవర్లు, మొత్తం 34 పనులు. లెక్క ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ సంఖ్య చూసుకుని అంత మురిసిపోయాను. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. నాలుగో కవరులో ఒక వార్షిక నివేదిక అట్ట ఉంది. సన్నటి గీతలతో వేసిన బొమ్మ, చాలా అందంగా ఉంటుంది. ముగ్గురిలో పెద్దాయన అక్కడ ఆగారు.

"ఈ బొమ్మ ఎవరు వేశారమ్మా?"

"మా టీమ్ సార్."

"టీమ్‌లో ఎవరు?"

నా దగ్గర సమాధానం లేదు. బొమ్మ బయటివాళ్ళ చేత వేయించారని తెలుసు, వేసిందెవరో ఎప్పుడూ అడగలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేనే వేశానమ్మా" అన్నారు. కోపంగా కూడా అనలేదు. "సరే, మరి ఇందులో నువ్వు చేసిందేమిటి?"

నేను చేసింది లోపలి 18 పేజీల అంకెల పట్టికలు. నిలువు వరసల్లో దశాంశ బిందువులు ఒకదాని కింద ఒకటి వచ్చేలా సర్దాను. మేం వాడిన ఫాంటులో '1' సన్నగా, '8' లావుగా ఉండటంతో అంకెల వరస వంకర్లు పోతుంటే, ప్రతి అంకెకూ ఒకే వెడల్పు ఉండే అంకెలున్న ఫాంటు వెతికి పట్టుకున్నాను. అడ్డగీతలన్నీ తీసేసి, అయిదు వరసలకోసారి కాస్త ఖాళీ వదిలితే కన్ను దారి తప్పదని కనిపెట్టాను. మూడు వారాల పని. ఆ 18 పేజీల్లో ఒక్కటి కూడా ఫోల్డరులో లేదు. పట్టికలు ఎవరు చూస్తారులే అనుకుని, నాది కాని అట్ట తీసుకెళ్ళాను. ఆయనకి నోటితో చెప్పబోయాను గానీ, కంటికి కనబడని పనిని మాటల్లో చూపించడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఉద్యోగం రాలేదు. రాకపోవడమే న్యాయం.

ఇంటికొచ్చి ఒక పని చేశాను. ఇప్పటికీ మా స్టూడియోలో చేరినవాళ్ళ చేత అదే చేయిస్తాను. 34 పనులనూ విజిటింగ్ కార్డంత సైజులో ప్రింటు తీసి, కత్తిరించి, నేల మీద పరిచాను. ఒక్కో చీటీ వెనక పెన్సిల్‌తో మూడు మాటలు రాయాలని నియమం పెట్టుకున్నాను. అసలు ఇబ్బంది ఏమిటి, నేను తీసుకున్న నిర్ణయం ఏమిటి, తర్వాత ఏమైంది. రాయలేకపోతే చీటీ పక్కకి. 34లో 21 చీటీల వెనక ఏమీ రాయలేకపోయాను. 'క్లయింటు నీలం అడిగారు, నీలం వేశాను' అని రాయడానికి సిగ్గేసింది. కొన్ని పోస్టర్లు చూడటానికి ఎంత బాగున్నా, ఎందుకు అలా ఉన్నాయో నాకే తెలియదు. ఆ నెలలో అందరూ అలా చేస్తున్నారు కాబట్టి అలా ఉన్నాయి, అంతే.

అన్నిటికన్నా తీసెయ్యడానికి కష్టమైనవి ప్రేమతో చేసినవి. ఒక కచేరీ పోస్టరుకి అక్షరాలన్నీ చేత్తో రాశాను, పదకొండు రాత్రులు. చీటీ వెనక 'పదకొండు రాత్రులు' అని రాసుకుని చాలాసేపు చూశాను. అవతలి మనిషికి ఆ రాత్రులతో పనేముంది? తేదీ, వేళ, చోటు ఆ అల్లికలో మూడు అడుగుల దూరంనుంచి కూడా కనబడవు. తీసేశాను. అది ఇప్పటికీ మా ఇంటి గోడ మీదుంది, దాని చోటు అదే.

అలాంటివి కూడా తీసేశాక తొమ్మిది మిగిలాయి. అప్పుడు నాతోపాటు గదిలో ఉండే స్నేహితురాలు చీటీలన్నీ చూసి, "అదేమిటే, ఆ మందుల చార్టు ఏదీ?" అంది. దానికి నేను చీటీ కూడా కత్తిరించలేదు. నలుపు తెలుపులో ఒక ఏ4 కాగితం, అదీ ఒక పనేనా అన్నది నా లెక్క.

ఆ చార్టు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. ఒక ఆస్పత్రికి, ఇంటికి పంపేటప్పుడు రోగి చేతికిచ్చే కాగితం కావాలి. ఏ మాత్ర, ఎప్పుడు, ఎన్ని. వాళ్ళ దగ్గరున్నది జిరాక్సు మిషను, కాబట్టి రంగులు కుదరవు. లేత బూడిద రంగు గీతలు పెడితే మూడో కాపీకి మాయమైపోతాయి. చదవడం రానివాళ్ళకి కూడా అర్థం కావాలన్నారు కదా అని బొమ్మలు వేశాను. పొద్దుటికి సగం సూర్యుడు, మధ్యాహ్నానికి నిండు సూర్యుడు, రాత్రికి నెలవంక. నిండు మాత్రకి నిండు వృత్తం, అర మాత్రకి అర వృత్తం. చూడముచ్చటగా వచ్చింది. నా బల్ల మీద.

పట్టుకెళ్ళి ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్ళకి చూపించాను. ఒక పెద్దాయన రాత్రి గడిలో ఉన్న అర మాత్ర మీద వేలు పెట్టి, "ఇది పొద్దున్నే వేసుకోవాలి కదమ్మా, పొద్దు పొడుస్తోంది" అన్నారు. చూస్తే నిజమే. నా అర మాత్రా, నా పొడిచే పొద్దూ ఒకే అర వృత్తం, ఒకే గీత మందం. సూర్యుడికి నాలుగు కిరణాలు ఎక్కువ, అవీ జిరాక్సులో సగం పోయాయి. రాత్రి మాత్ర పొద్దున వేసుకుంటే ఏమవుతుందో నేను ఆలోచించనే లేదు. బొమ్మ ముద్దుగా ఉందని చూసుకున్నాను.

రెండోసారి అర మాత్రని మార్చాను. నిండు వృత్తం గీసి, మధ్యలో విరిచే గీత పెట్టి, ఒక సగం నల్లగా నింపాను. ఇప్పుడు అది విరిచిన మాత్రలా ఉంది, సూర్యుడిలా లేదు. సగం సూర్యుణ్ణి తీసేసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని పెద్ద అక్షరాల్లో రాసి, బొమ్మల్ని పక్కన తోడుగా ఉంచాను. చదవలేని మనిషికి ఇంట్లో ఎవరో ఒకరు చదివి పెడతారు, తప్పుగా అర్థమయ్యే బొమ్మ కన్నా అది నయం. మూడోసారి మార్పు నర్సు వల్ల వచ్చింది. "మీ గడి ఆరు మిల్లీమీటర్లుంది మేడమ్, నిలబడి రాస్తే నా చేతిరాత అందులో పట్టదు" అంది. పదకొండు చేశాను. అందుకోసం పైన ఆస్పత్రి లోగోని సగానికి తగ్గించాల్సి వచ్చింది. వాళ్ళు కాస్త గొణిగారు గానీ ఒప్పుకున్నారు.

ఆ చీటీ వెనక రాయడానికి చోటు చాలలేదు. పదో పనిగా చేర్చాను. మూడు దశలనూ పక్కపక్కన పెట్టి, నర్సు బాల్ పెన్నుతో నింపిన ఒక నిజమైన కాగితాన్ని, రోగి పేరు కప్పేసి, చివర్లో ఉంచాను. తర్వాతి ఇంటర్వ్యూలో దాని దగ్గరే దాదాపు 20 నిమిషాలు గడిచాయి. మిగతా తొమ్మిది గబగబా తిప్పేశారు. ఆ ఉద్యోగం వచ్చింది.

మీ వ్యాసం చదివిన పిల్లలకి ఇదంతా విని ఒక ప్రశ్న వస్తుంది, నాకూ చాలామంది వేస్తుంటారు. 'మాకింకా క్లయింట్లే లేరక్కా, ఆస్పత్రి పని ఎవరిస్తారు?' అని. సొంతంగా పెట్టుకున్న పని పోర్ట్‌ఫోలియోలో ఉంచడం తప్పేమీ కాదు. లండన్ భూగర్భ రైళ్ళ మ్యాపు అలా పుట్టిందే. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో, ఎవరూ అడగకుండా, ఖాళీ వేళల్లో గీశాడు. మొదట తిరగ్గొట్టారు కూడా. 1933 జనవరిలో జేబు మ్యాపుగా అచ్చయ్యాక జనం ఎగబడి తీసుకున్నారు. నేల మీది దూరాలు వదిలేసి, అడ్డం, నిలువు, 45 డిగ్రీల ఏటవాలు గీతలతోనే దారులన్నీ చూపించాడు. భూమి కింద ప్రయాణించేవాడికి పైన వీధి ఎటు వంపు తిరిగిందో అక్కర్లేదు, ఎక్కడ దిగాలో, ఎక్కడ మారాలో తెలిస్తే చాలు. ఒక మనిషి ఇబ్బంది చూసి మొదలుపెట్టిన పని అది.

నా దగ్గరికి వచ్చే సొంత పనులు ఎక్కువగా పేరున్న కంపెనీల లోగోలకి కొత్త రూపాలు. ఇప్పుడున్నదాంట్లో ఇబ్బందేమిటి అని అడిగితే, పాతబడింది అంటారు. 1994లో లిండన్ లీడర్ అనే డిజైనర్ చేసిన ఫెడెక్స్ కొరియర్ కంపెనీ లోగోని మార్చి తెచ్చిన అబ్బాయి ఒకడున్నాడు. చేతికందిన కొత్త ఫాంటు పెట్టాడు, అందంగానే ఉంది. కాకపోతే 'ఈ'కీ 'ఎక్స్'కీ మధ్య ఖాళీలో ఉండే బాణం గుర్తు ఎగిరిపోయింది. అది పోయిందని అతనికి తెలియదు, ఉందనే తెలియదు. ఆ బాణం కుదరడానికి అక్షరాల ఆకారాన్నే సర్దుకోవాల్సి వచ్చిందని చెప్పాను. పాపం, మొహం చిన్నబోయింది. దానికి బదులు మీ కాలేజీ గ్రంథాలయంలో ఏ బీరువాలో ఏముందో తెలిపే గుర్తులు చేసి తీసుకురా, పెట్టాక మనుషులు దారి తప్పడం తగ్గిందో లేదో నిలబడి చూసిరా అన్నాను. ఆరు నెలలకి తెచ్చాడు. అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో రాసి అతికించిన మొదటి రకం ఫోటోలతో సహా. ఇప్పుడు మా దగ్గరే పనిచేస్తున్నాడు, ఈ ఉత్తరంలో తన సంగతి రాస్తున్నానని చెప్తే నవ్వాడు.

మాకప్‌ల గురించి, అంటే డిజైన్‌ని వస్తువుల ఫోటోల మీద అంటించి చూపించే నమూనాల గురించి, ఒక్క మాట. లోగో ఒక్కటి చేసి దాన్ని సంచి మీద, కప్పు మీద, గోడ మీద, ఫోను మీద అంటించి ఆరు పేజీలు నింపుతున్నారు. ఆ సంచీ ఆ కప్పూ రెడీమేడ్ ఫైళ్ళు. వారానికి నాలుగుసార్లు అదే కప్పుని, అదే నీడతో, అదే బల్ల మీద చూస్తుంటాను. వాటికి బదులు లోగోని ఒక సెంటీమీటరు సైజులో, ఒకే రంగులో పెట్టి చూపిస్తే నాకు కావాల్సింది తెలిసిపోతుంది.

చిత్తు కాగితాలు దాచుకోమని కూడా మీ వ్యాసంలో లేదు. చక్కబెట్టిన చివరి రూపాలే చూపిస్తే అది ఎలా వచ్చిందో తెలియదు, మరీ ముఖ్యంగా ఈ రోజుల్లో. సూసన్ కేర్ అనే డిజైనర్ ఆపిల్ వాళ్ళ మొదటి మ్యాకింటాష్ కంప్యూటరుకి బొమ్మ గుర్తులు చేసినప్పుడు గళ్ళ కాగితం పుస్తకంలో 32 అడ్డం, 32 నిలువు గళ్ళలో పెన్ను పెట్టి నింపుకుంటూ వెళ్ళింది. 1984లో ఆ కంప్యూటరు వచ్చింది. ఆ గళ్ళ పుస్తకం పేజీలు ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నాయి. గడి నింపాలా వద్దా అన్న తర్జనభర్జన ఆ పేజీల్లో కనబడుతుంది. అలాగని ప్రతి పని వెనకా పాతిక చిత్తు పేజీలు పెట్టి నన్ను చంపొద్దు. ఒక పనికి రెండు చాలు. వదిలేసినది ఒకటి, దాన్ని ఎందుకు వదిలేశారో ఒక వాక్యం.

బెడిసికొట్టిన పని పెట్టొచ్చా అని అడిగితే నేను పెట్టమనే అంటాను. ఈ విషయంలో మా స్టూడియోలో నాతో ఏకీభవించేవాళ్ళు తక్కువ. మాసిమో విన్యెల్లి అనే డిజైనర్ 1972లో న్యూయార్క్ సబ్‌వేకి, అంటే అక్కడి భూగర్భ రైళ్ళకి, చేసిన మ్యాపు గొప్పదని డిజైనర్లం ఇప్పటికీ చెప్పుకుంటాం. ప్రయాణికులు మాత్రం తిట్టుకున్నారు. నీళ్ళు గోధుమ వన్నెలో ఉన్నాయి, పొడుగాటి సెంట్రల్ పార్కు బూడిద రంగు చతురస్రమైపోయింది. 1979లో దాన్ని తీసేసి వేరేది పెట్టారు. బెక్ చేసినట్టే దూరాలు వదిలేసి తిన్నని గీతలతో చేశాడు కదా, అక్కడ నచ్చింది ఇక్కడెందుకు నచ్చలేదు? న్యూయార్క్ వీధులు గళ్ళగళ్ళుగా ఉంటాయి, అక్కడివాళ్ళకి పైన ఏ వీధి ఎక్కడో వేళ్ళ మీద ఉంటుంది, మ్యాపు అబద్ధం చెప్తే వెంటనే పట్టేస్తారు. నాకు తోచిన కారణం ఇది. ఏ పిల్లో తన పని గురించి ఇలా విప్పి చెప్పగలిగితే, అది జనానికి నచ్చకపోయినా నాకు నచ్చుతుంది. అయితే పదింట్లో ఒకటే సుమా.

తెలుగు అక్షరాలతో చేసిన పనుల గురించి చెప్పకుండా ఉండలేను, తెలుగు పత్రికకి రాస్తూ. పిల్లల పోర్ట్‌ఫోలియోల్లో ఇంగ్లీషు అక్షరాల మధ్య దూరాన్ని వెంట్రుకవాసి లెక్కన సర్దుతారు, పక్క పేజీలో 'స్వాగతం' కాస్తా 'స్‌వాగతం' అయి ఉంటుంది. పేజీలు సర్దే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరా కంపోజర్ అనే అమరికని మన లిపులకి పనికొచ్చే వరల్డ్-రెడీకి మార్చుకోకపోతే వత్తులు ఇలా విడిపోయే ప్రమాదం ఉంది. ఒక్క నొక్కుతో పోయే తప్పు, తెలియక కాదు, చదివి చూసుకోక. ఇంకోటి వరసల మధ్య ఎడం. ఇంగ్లీషుకి సరిపోయిన ఎడమే తెలుగుకీ ఉంచేస్తారు. పై వరసలోని వత్తు కింది వరసలోని గుడి మీద కూర్చుంటుంది. 'ష్ట్ర' లాంటి రెండు వత్తుల అక్షరం వస్తే ఇక చెప్పక్కర్లేదు. ఇలాంటి పేజీ ఒకటి పెట్టడం కన్నా తెలుగు పని లేకుండా రావడం నయం. అదే, తెలుగు పేజీ ఒకటి ఒద్దికగా సర్ది తెస్తే, నా వరకు మూడు లోగోలకి సమానం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నలుగురు కలిసి చేసిన పని పెట్టుకోవచ్చు, కింద ఒక వరసలో బొమ్మ ఎవరిది, ఫోటో ఎవరిది, నా వంతు ఏమిటి అని ఉంటే చాలు. ఆ ఒక్క వరస నా దగ్గర ఆ రోజు ఉండుంటే ఆ పెద్దాయన నా పట్టికల గురించి అడిగి ఉండేవారు. ఏఐతో పుట్టించిన బొమ్మ ఉంటే అదీ చెప్పేయండి. అది ఇచ్చినదాంట్లో మీరు ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నది చూస్తాం. చెప్పకుండా దాచినవాళ్ళు రెండో ప్రశ్నకే దొరికిపోతున్నారు.

ఇంకా బజారులోకి రాని సరుకు ప్యాకింగు తెచ్చి చూపించిన కుర్రాడు ఒకడొచ్చాడు. అప్పటికింకా అక్కడే ఉద్యోగం. బయట చూపించబోనని సంతకం పెట్టే ఉంటాడు. నేను లాప్‌టాప్ మూసేసి, "నాన్నా, ఇది నాకు చూపించకూడదు" అన్నాను. పని చాలా బాగుంది. తీసుకోలేదు. రేపు మాదీ ఇంకో చోట ఇలాగే తెరుస్తాడు కదా. అలాంటివి ఉంటే అనుమతి అడగాలి. ఇవ్వకపోతే పేరూ బొమ్మా లేకుండా, ఏ చిక్కు వస్తే ఏం చేశారో నోటితో చెప్పుకోవచ్చు.

ఎన్ని పెట్టాలి? నేనైతే ఎనిమిది నుంచి పది అంటాను, మా సహోద్యోగి ఒకాయన 15 దాకా పర్వాలేదంటాడు. బొమ్మలు వేసేవాళ్ళకి కాస్త ఎక్కువున్నా చూడొచ్చు, ఒక్కో బొమ్మకీ ఒక్క చూపు చాలు కాబట్టి. అన్నిటికన్నా గట్టిది మొదట, దాని తర్వాతది చివర. ఫైలు 60 ఎంబీ ఉంటే తెరుచుకోదు, సగంమంది ముందు ఫోనులోనే చూస్తారు. వెళ్ళే చోటుని బట్టి ఏరిక మార్చుకోవాలి. పుస్తకాల సంస్థకి వెళ్తూ ఆరు లోగోలు పట్టుకెళ్ళి ఏం లాభం?

ఒకటి మాత్రం అనుభవం మీద నేర్చుకున్నాను, ఆలస్యంగా. ఆ పదిలో కరపత్రాలు మూడుండేవి. నాకు కరపత్రాలు చేయడమంటే ఇష్టం లేదు, కానీ బాగా వచ్చాయి కదా అని ఉంచాను. కొత్త చోట చేరిన మర్నాడు నా బల్ల మీద కరపత్రాల పని పెట్టారు. మూడేళ్ళు అవే చేశాను. అడిగితే, నీ ఫోల్డరులో అవి బాగున్నాయి కదమ్మా అన్నారు. తప్పు వాళ్ళది కాదు. మళ్ళీ చెయ్యాలని లేని పనిని, అది ఎంత బాగా వచ్చినా, అప్పటినుంచి నేను పైకి తియ్యలేదు.

మీ వ్యాసకర్త మీద నాకు కోపమేమీ లేదు. బహుశా ఆయనకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. అవకాశముంటే వచ్చే వారం ఆ పేరాకి ఒక సవరణ వేయండి, ఈ నెలలో కోర్సు పూర్తి చేసుకుని ఫైళ్ళు తయారుచేసుకుంటున్న పిల్లలు చాలామంది ఉంటారు.

ఏరుకోమని చెప్తూ ఇంత పొడుగు ఉత్తరం రాశానని నవ్వుకుంటున్నారేమో. మీ పేజీలో ఇదంతా పట్టదని తెలుసు. కత్తెర మీ చేతిలోనే ఉంది. ఫెడెక్స్ తీసేయండి, విన్యెల్లిని కూడా తీసేయండి, కరపత్రాల గోల అసలే అక్కర్లేదు. పొద్దు పొడుస్తోందన్న పెద్దాయన్ని మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక గ్రాఫిక్ డిజైనర్